మూడు ఉత్తరాలు, ఎకరం పొలం

నిరుడు ఉగాది మార్చి 30న వచ్చింది. దానికి మూడు రోజుల ముందు, అమెరికా తూర్పు తీరంలోని ఒక పేరుమోసిన ప్రైవేటు విశ్వవిద్యాలయంలో మా అమ్మాయికి ప్రవేశం లభించినట్లు కబురు అందింది. పండుగనాడు గుడిలో పంచాంగ శ్రవణం ముగిసి, ప్రసాదానికి వరుసలో నిలబడిన పావుగంటలో ఆ విశ్వవిద్యాలయం పేరు నేను ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. అడిగినవారికి చెప్పాను, అడగనివారికీ చెప్పాను. మా అమ్మాయి నా వెనుకే, ఉగాది పచ్చడి ఉన్న చిన్న కప్పు చేతిలో పట్టుకొని, ఏమీ మాట్లాడకుండా నిలబడి ఉంది. ఆ మౌనాన్ని నేను వినయమనుకున్నాను.

అప్పటికి ఆమెకు మూడు చోట్ల నుంచి ఉత్తరాలు వచ్చాయి. మొదటిది నేను చెప్పుకొని తిరిగినది. రెండవది మన ఆస్టిన్. మూడవది మరో రాష్ట్రంలో, ఒక చిన్న ఊరిలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయం. దాని పేరు చెబితే మన డాలస్ పరిసరాల తెలుగువారు "అది ఎక్కడ?" అని అడుగుతారు. ఆ మూడవది నాలుగేళ్లకూ ట్యూషన్ పూర్తిగా మాఫీ చేస్తామని రాసింది.

ఆస్టిన్ గురించి ముందు చెప్పి ముగిస్తాను. 1997లో టెక్సాస్ చేసిన చట్టం ప్రకారం, హైస్కూలు తరగతిలో మొదటి 10 శాతంలో నిలిచిన పిల్లలకు రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ప్రవేశం దానంతట అదే లభిస్తుంది. ఆస్టిన్‌కు మాత్రం ఆ గీత మా అమ్మాయి తరగతికి 6 శాతంగా ఉండేది. ఈ ఏడు చేరేవారికి 5 శాతమైంది. ఆ గీతకు ఇవతల నిలవడానికి మన పిల్లలు తొమ్మిదో తరగతి నుంచి దశాంశ స్థానాలు లెక్కపెట్టుకుంటూ బతకడం ఇక్కడి తల్లిదండ్రులందరికీ తెలిసినదే. మావారు ఆస్టిన్ పక్షం. ఏటా ముప్పై వేల డాలర్ల పైచిలుకు ఖర్చు, కారులో మూడున్నర గంటల ప్రయాణం, మంచి చదువు. ఆయన వాదనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాని మా అమ్మాయి తరగతి నుంచే దాదాపు ముప్పైమంది అక్కడికి వెళుతున్నారు. "మళ్లీ నాలుగేళ్లు అవే మొహాలు, అదే ర్యాంకు గోల నాకు వద్దు నాన్నా" అని ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. ఆయన కొంత నొచ్చుకున్నారు గాని, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

అసలు చిక్కు మిగిలిన రెంటి మధ్య వచ్చింది. ఆ చిక్కులో పెద్ద భాగం నేనే.

ఐవీ లీగ్‌లోని ఎనిమిది విశ్వవిద్యాలయాలూ ప్రతిభను బట్టి స్కాలర్‌షిప్‌లు ఇవ్వవు. కుటుంబ ఆర్థిక స్థితిని బట్టి మాత్రమే సహాయం చేస్తాయి. ఆ స్థాయి ప్రైవేటు సంస్థలు మరికొన్ని కూడా అదే పద్ధతిని పాటిస్తాయి. ఇది దాపరికమేమీ కాదు. అయినా మార్కులు బాగుంటే డబ్బు అదే వస్తుందన్న భ్రమ మనలో చాలామందికి ఉంది, నాకూ ఉండేది. మా ఇద్దరి జీతాలు చూసి వాళ్లు ఇచ్చిన సహాయం ఏటా 11,000 డాలర్లు. మొత్తం ఖర్చు 90,000. అంటే ఏటా 79,000, నాలుగేళ్లకు 3,16,000. పాప పుట్టిన నాటి నుంచి 529 ఖాతాలో మేము కూడబెట్టినది 1,10,000. మరికొంత సహాయం చేయమని విన్నపం పంపాము. మర్యాదగా జవాబిచ్చారు, అంకె మారలేదు.

ఈ లెక్కంతా నేను ఒక నోటుపుస్తకంలో వేసుకొని వంటింటి సొరుగులో పెట్టాను. "డబ్బు సంగతి మేము చూసుకుంటాం, నువ్వు బెంగపడకు" అని మా అమ్మాయికి చెప్పాను. అలా చెప్పడమే తల్లిదండ్రుల ధర్మమని అప్పుడు అనుకున్నాను.

నేను చూసుకోవాలనుకున్న దారి ఎకరం పొలం. తెనాలి దగ్గర మా ఊరిలో, నా పెళ్లినాడు నాన్నగారు పసుపుకుంకుమల కింద నా పేరిట రాసి ఇచ్చిన మాగాణి అది. కౌలు మా అమ్మే తీసుకుంటుంది, నేనేనాడూ అడగలేదు. ఆ చెక్క సంగతి నేను దాదాపు మరచిపోయిన సమయంలో సి.ఎస్.ఎస్. ప్రొఫైల్ అనే దరఖాస్తు గుర్తుచేసింది. కొన్ని ప్రైవేటు కళాశాలలు కోరే ఆ దరఖాస్తులో, నివసించే ఇల్లు కాక ఇతర స్థిరాస్తులు ఏమున్నాయో చెప్పాలి. ఊరిలో ఇప్పుడు ఎకరం ధర ఎంతో కనుక్కొని, డాలర్లలోకి మార్చి రాస్తుంటే, ఎడ్లబండి వెళ్లే గట్టును, మా నాన్నగారి గొడుగును కూడా అంకెల్లోకి మారుస్తున్నట్లు అనిపించింది. రాసిన తరువాత మరో ఆలోచన వచ్చింది. ఎలాగూ ఆస్తిగా లెక్కకట్టారు కదా, అమ్మేస్తేనేం?

ఇక్కడ నా సంగతి కొంత చెప్పక తప్పదు. 1993లో ఎంసెట్‌లో నాకు వచ్చిన ర్యాంకుకు వరంగల్ ఆర్.ఇ.సి.లో సీటు దొరికేది. ఆ రోజులలో ఆ పేరు వింటే మా ఊరిలో మగపిల్లల తండ్రులు కూడా లేచి నిలబడేవారు. కౌన్సెలింగ్‌కు ముందురోజు రాత్రి నాన్నగారు "వరంగల్ దూరం అమ్మా, ఆడపిల్లవు. గుంటూరులో చేరు" అన్నారు. చేరాను. నాలుగేళ్లు తెనాలి నుంచి పాసింజరు రైలులో వెళ్లివచ్చాను. ఉద్యోగం వచ్చింది, అమెరికా వచ్చాను, దేనికీ లోటు లేదు. అయినా ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది.

ఏప్రిల్ రెండోవారంలో మా అమ్మకు ఫోను చేసి పొలం అమ్ముదామనుకుంటున్నానని చెప్పాను. అమ్మ ఏడుస్తుందని, వద్దంటుందని సిద్ధపడి ఉన్నాను. "నీదే కదమ్మా, అమ్ముకో" అంది. కాసేపాగి, "నాన్నగారు వరంగల్ పంపలేదని నీకింకా ఉంది కదూ" అంది.

నేను మాట్లాడలేదు.

"దూరమని కాదే. తొంభైలో గాలివాన వచ్చింది చూడు, ఆ ఏడు చేసిన అప్పు ఇంకా తీరలేదు అప్పటికి. హాస్టలుకు కట్టడానికి చేతిలో డబ్బు లేదు. ఆ మాట నీతో అనడానికి నామోషీ పడ్డారు. దూరమని చెప్పారు."

1990 మే నెల తుపాను నాకు బాగా గుర్తుంది. కప్పు లేచిపోయిన పశువుల పాక, దొడ్లో కూలిన కొబ్బరిచెట్లు గుర్తున్నాయి. అప్పు మాత్రం ఎవరూ చెప్పలేదు. ముప్పై రెండేళ్లు నేను నాన్నగారిని, నన్ను ఆడపిల్లనని ఆపిన మనిషిగానే తలచుకున్నాను. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు ఎవరితో చెప్పుకోను?

ఆ రాత్రి సొరుగులోని నోటుపుస్తకం తీసి భోజనాల బల్ల మీద మా అమ్మాయి ముందు పెట్టాను. జీతాలు, ఇంటి అప్పు, 529 ఖాతా, పొలం, అన్నీ. తన ట్యూషన్ మాఫీ పోను మూడవచోట ఏటా 16,000 చాలని, అంటే నాలుగేళ్లకు 64,000 అని, మిగిలిన 46,000 ముందు చదువుకు ఉంటుందని ఆమే లెక్క వేసింది. తరువాత తలెత్తి, "ఈ పుస్తకం అక్టోబరులో చూపించి ఉంటే నేను వేరే చోట్లకు అప్లై చేసేదాన్ని కదమ్మా" అంది. కోపంగా అనలేదు, అందువల్లనే ఎక్కువ తగిలింది. ప్రతి కళాశాలా తన వెబ్‌సైటులో, ఫలానా ఆదాయం గల కుటుంబానికి నికరంగా ఎంత ఖర్చవుతుందో అంచనా చెప్పే లెక్కింపు సాధనం ఉంచాలని 2011 నుంచి నియమం ఉంది. పది నిమిషాల పని. అక్టోబరులో ఆ పది నిమిషాలు నాకు దొరకలేదు. వ్యాసాలు దిద్దించడానికి మాత్రం వారానికి రెండు సాయంత్రాలు దొరికాయి.

"పేరు సంగతి ఏమిటి మరి?" అని నేనే మళ్లీ అడిగాను. ఎంత తెలిసినా ఆ మమకారం ఒక రాత్రిలో పోయేది కాదు. మావారు అప్పటికే చదివి పెట్టుకున్నారు. డేల్, క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పెద్ద పేరున్న కళాశాలల్లో ప్రవేశం వచ్చినా మరోచోట చేరిన విద్యార్థుల సంపాదన సగటున ఏమీ తగ్గలేదు. పేదకుటుంబాల పిల్లలకు మాత్రం ఆ కళాశాలలు మేలు చేశాయి. 2023లో చెట్టి, డెమింగ్, ఫ్రీడ్‌మన్ చేసిన మరో పరిశోధన కూడా సగటు సంపాదనలో పెద్ద తేడా లేదంటూనే, అత్యధిక ఆదాయం గల ఒక శాతంలోకి చేరే అవకాశం ఆ కళాశాలల వల్ల పెరుగుతుందని చెప్పింది. కాబట్టి పేరుకు విలువే లేదనడం అబద్ధం. ఆ విలువ రెండు లక్షల అప్పుకు తగినదా, ఆ ఒక శాతంలోకి చేరాలని ఈ పిల్లకు ఉందా అన్నది వేరే ప్రశ్న. దానికి ఏ పరిశోధనా జవాబు చెప్పదు.

పిల్ల చెప్పింది. రెండు చోట్లకూ వెళ్లి చూసి వచ్చాము కదా. తూర్పు తీరంలో అంతా బాగుందనీ, తనతో మాట్లాడినవారంతా చాలా తెలివైనవారనీ, అయినా ఆ రోజంతా తాను జాగ్రత్తగా మాట్లాడవలసి వచ్చిందనీ అంది. మూడవచోట నీటి శుద్ధి మీద పనిచేసే ప్రయోగశాల చూపించడానికి వచ్చిన విద్యార్థిని, చూపించడం ముగించాక కూడా వదిలిపెట్టక గంటసేపు బురద గురించి మాట్లాడిందట. "అమ్మా, నేను తనని మూడు పిచ్చి ప్రశ్నలు అడిగాను. అడిగాక గాని పిచ్చివని తెలియలేదు." పిల్లలకు ఒకచోట నప్పడమంటే మన తిండి, మన పండుగలు, మనవాళ్లు నలుగురు ఉండడమని అంతవరకూ నా ఉద్దేశం. ఆ లెక్కన ఆ ఊరు సున్నా. గుడికి గంటన్నర దూరం.

చివరకు ఆమె ఇంకో మాట అంది. "వరంగల్ కథ నాకు ఎన్నిసార్లు చెప్పావో తెలుసా అమ్మా?" తెలియదు. చాలాసార్లే చెప్పి ఉంటాను. గుడిలో వరుసలో ఆమె ఎందుకు మౌనంగా నిలబడిందో అప్పుడు అర్థమైంది.

నిర్ణయం చెప్పడానికి మే 1 గడువు. ఏప్రిల్ 28 రాత్రి ఆమే మూడవచోట డిపాజిట్ కట్టింది. తరువాతి ఆదివారం గుడిలో నేను ఉగాదినాడు చెప్పిన పేరును వెనక్కు తీసుకుంటూ తిరగవలసి వచ్చింది. "అయ్యో, ఎందుకండీ?" అన్నవారికి మొదట్లో స్కాలర్‌షిప్ అని చెప్పాను. కొన్నాళ్లకు అంకెలతో సహా చెప్పడం మొదలుపెట్టాను. ఇద్దరు తల్లులు పక్కకు పిలిచి ఆ నోటుపుస్తకం ఎలా వేశానో అడిగారు.

అంతా సవ్యంగా సాగుతోందని చెప్పను. స్కాలర్‌షిప్ నిలవాలంటే సగటు 3.5 తగ్గరాదు; మొదటి సెమిస్టరులో రసాయన శాస్త్రం ఆమెను, ఆమెతోపాటు నన్ను, బాగా భయపెట్టింది. సెప్టెంబరులో రెండు వారాలు రోజూ ఫోను చేసి ఏడ్చింది. తూర్పు తీరంలో అయితే ఏడ్చేది కాదేమో అని ఒకటి రెండు రాత్రులు నాకు అనిపించింది కూడా. గట్టెక్కింది, 3.6తో.

డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం ఫోను చేసి, "అమ్మమ్మ పొలంలో ఇప్పుడేం వేశారు?" అని అడిగింది. వరి ఇంకా కోయలేదని, కోతకు ముందే ఆ చేలో మినుములు చల్లారని చెప్పాను.

"వాటికి నీళ్లు ఎప్పుడు పెడతారు?"

"పెట్టరు. వరికి పెట్టిన తడి భూమిలో ఉంటుంది కదా, దానితోనే మొలుస్తాయి."

అవతల కొంతసేపు చప్పుడు లేదు. ఏదో రాసుకుంటున్నట్లుంది. ఆ తడి ఎన్నాళ్లుంటుందని అడిగింది. నాకు తెలియదు. అమ్మమ్మ నంబరు ఇచ్చాను.