జొన్నరొట్టె, ఆరు గీతల సూది

గర్భిణుల ఆరోగ్యం మీద ఒక కథనం రాయమని సంపాదకులు అడిగారు. మద్నూర్‌లో నాకు తెలిసిన ఆశా కార్యకర్త ఒకామె ఉంది. ఫోన్ చేస్తే, "దవాఖానల ఏం చూస్తరు మేడం, ఇంటికి రండి. పొద్దుగాల్నే రావాలె, సూది ఏసుకునే యాళ్లకు" అంది.

సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు వెళ్లే 161వ నంబరు జాతీయ రహదారి మీద, మహారాష్ట్రలో అడుగుపెట్టబోయే ముందు వచ్చే ఊరు మద్నూర్. కర్ణాటక కూడా ఎంతో దూరం కాదు. 2016 దాకా నిజామాబాద్ జిల్లా, ఇప్పుడు కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజన్. చుట్టూ పత్తి, సోయా చేలు. మేం వెళ్లిన ఇంట్లో అత్త మరాఠీలో మొదలుపెట్టి తెలుగులో ముగించే మనిషి. కోడలికి ఏడో నెల. రెండో కాన్పు, గర్భంతో వచ్చిన మధుమేహం.

ఫ్రిజ్ లేదు. గోడవార తడి ఇసుక పోసిన కుండ, అందులో మరో చిన్న ముంత, దాంట్లో మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా. ఇన్సులిన్ సీసా ఉండేది అందులోనే. కోడలు చాప మీద కూర్చుని సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని నెమ్మదిగా దొర్లించింది. "ఊపొద్దు, నురగొస్తది" అని నాకు చెప్పింది. అడుగున పేరుకున్న తెలుపు కరిగి సీసా అంతా పాలలా అయ్యాక ఆపింది. ఎర్రమూత సిరంజీ తీసుకుని ముందు ఆరు గీతల దాకా గాలి లాగి, సీసాలోకి ఎక్కించి, తలకిందులు చేసి ఆరు గీతల మందు లాగింది. సన్నటి బుడగ ఒకటి కనపడితే గోరుతో రెండుసార్లు తట్టింది. తొడ మీద చర్మాన్ని రెండువేళ్లతో మడత పట్టి పొడుచుకుంది. వెంటనే తీయకుండా పెదవులు కదుపుతూ పది లెక్కపెట్టింది. మొదటి వారం వణికిన చేతులే ఇవి అని ఆశా అక్క అంది. ఇప్పుడు వాటిలో తడబాటు లేదు.

సర్కారు దవాఖానల్లో ఇచ్చే సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. దానికి ఎర్రమూత సిరంజీయే వాడాలి. 100 యూనిట్ల సిరంజీతో అదే ఆరో గీత దాకా లాగితే సగం మోతాదు కూడా లోపలికి పోదు. చదువు ఐదో తరగతితో ఆగిన ఈ అమ్మాయి ఆ తేడా నాకు మూతల రంగు చూపించి వివరించింది.

సూది వేసుకున్నాక అరగంట ఆగి తినాలి. ఆ అరగంటలో అత్త పొయ్యి ముందు కూర్చుంది. జొన్నపిండిలో మరుగునీళ్లు పోసి, చెయ్యి కాలుతున్నా పిసికి, ముద్దను పీట మీద పెట్టి అరచేత్తో తడుతూ తిప్పింది. పెనం మీద వేసి పైన తడిగుడ్డతో అద్దింది. అంచు ఎక్కడా చిట్లలేదు. తడుతూనే గొడవ అందుకుంది.

"కడుపుతోనున్న పిల్లను పస్తులుంచుమంటరా? తీపి బంద్, అన్నం బంద్, పండ్లు బంద్. ఇద్దరికి తినాల్సిన మనిషి ఒక్కదానికి సరిపోను తింటలేదు. మా కాలంల ఇవన్నీ ఉండెనా?"

ఆమె కోపం నాకు న్యాయంగానే అనిపించింది. చక్కెర ఎక్కువుందని చెప్పి, తీపి మానెయ్యమని చెప్పి, తర్వాతి మనిషిని పిలవడంతో చాలాచోట్ల సలహా అయిపోతుంది. ఇంట్లో వాళ్లకు మిగిలేది భయం. భయంతో పిల్ల నిజంగానే తిండి తగ్గించేస్తుంది. ఇన్సులిన్ వేసుకుని సరిగా తినకపోతే చక్కెర 70 కంటే కిందికి పడిపోయి చెమటలు పట్టి, కళ్లు తిరుగుతాయి. అప్పటికప్పుడు గ్లాసు నీళ్లలో మూడు చెంచాల గ్లూకోజు కలిపి తాగించాలి.

ఆశా అక్క అత్త పక్కనే గొంతుక్కూర్చుంది. "బంద్ కాదు పెద్దమ్మా, పంచుకొని తినాలె. ఒక్కసారి రెండు రొట్టెలు కాదు. ఇప్పుడొకటి, పప్పెక్కువ. పదకొండుకు గుప్పెడు ఉడకబెట్టిన పెసలు. పగటీలి అన్నం కొంచెం, కూరెక్కువ, గుడ్డు. మల్ల నాలుగ్గొట్టంగ మజ్జిగ. రాత్రి పండేముందు పాలు." పెసరపప్పులో మెంతికూర వేసి వండిన కూర కంచంలో రొట్టె కంటే ఎక్కువ చోటు తీసుకునేట్టు ఆమే వడ్డించింది. అత్త గొణిగింది కానీ కంచం మార్చలేదు.

ఈ చక్కెర ఎక్కణ్నుంచి వస్తుందో ఇంటి పెద్దలకు ఎవరైనా చెప్పారా? మాయ నుంచి ఊరే హార్మోన్లు తల్లి ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. కొందరి ఒంట్లో దానికి తగినంత ఎక్కువ ఇన్సులిన్ తయారుకాదు. తల్లి రక్తంలో పెరిగిన చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. దాంతో బిడ్డ తనకు తానే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుని కొవ్వు పట్టి పెరుగుతుంది. కాన్పు కష్టమవుతుంది, బొడ్డు కోశాక బిడ్డకు చక్కెర ఉన్నట్టుండి పడిపోతుంది. ఈ అమ్మాయి తొలి బిడ్డ నాలుగు కిలోలు దాటి పుట్టాడట, పెద్ద ఆపరేషన్ చేశారట. బిడ్డ బొద్దుగా ఉన్నాడని అందరూ మురిసిపోయారు.

దీన్ని పట్టుకునే పరీక్ష సులువైనదే. చెన్నై డాక్టర్ వి. శేషయ్య ముందుండి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. తిని వచ్చినా తినకుండా వచ్చినా సరే, 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలకు రక్తం చూస్తారు. 140 లేదా అంతకు మించితే గర్భధారణ మధుమేహమే. పొద్దున్నే ఆటో పట్టుకుని తండా నుంచి వచ్చే మనిషిని పస్తుతో రమ్మనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి. తొలిసారి దవాఖానకు వచ్చినప్పుడు ఒకసారి, మళ్లీ 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి చేయాలి. బయటపడ్డాక రెండు వారాలు తిండి, నడకతో చూస్తారు. తిన్న రెండు గంటలకు 120 కంటే తక్కువ ఉంటే అదే చాలు. లేకపోతే మందు. అంటే తిండే మొదటి వైద్యం. ఆ వైద్యం నేర్పే మనిషే మన వ్యవస్థలో లేకుండా పోయారు. సూది నేర్పడానికి ఒక నర్సు కాసేపైనా కూర్చుంటుంది. కంచం ముందు కూర్చునేదెవరు?

ఆ ఇంట్లో ఉల్లిగడ్డలు పోసిన ప్లాస్టిక్ బుట్ట కనిపించింది. తొలి కాన్పప్పుడు సర్కారు ఇచ్చిన న్యూట్రిషన్ కిట్‌ది. 2022 డిసెంబరులో మొదటగా ఆ కిట్ ఇచ్చిన తొమ్మిది జిల్లాల్లో కామారెడ్డి ఒకటి. రక్తహీనత తగ్గించాలన్న మంచి ఉద్దేశంతో పెట్టిన పథకం. అందులో కిలో ఖర్జూరం ఉండేది. రక్తం తక్కువున్న తల్లికి అది మేలే. చక్కెర ఎక్కువున్న తల్లికి? ఇద్దరికీ ఒకే బుట్ట చేతికిచ్చాం. 2015 జనవరి నుంచి అంగన్‌వాడీల్లో నడుస్తున్న ఆరోగ్యలక్ష్మి భోజనంలో గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు, పప్పు ఇలాంటి తల్లికి బంగారం. కానీ వాటితోపాటు వచ్చేది అన్నమే. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ దుకాణంలో సన్నబియ్యం. జొన్న పండిన చేలలో సోయా, పత్తి. ఈ అత్త చేతిలో ఉన్న విద్య కోడలికి రాదు, నేర్చుకోమని అడిగేవాళ్లూ లేరు. జొన్నరొట్టె తిన్నా చక్కెర పెరుగుతుంది, అది మందు కాదు. కానీ పాలిష్ పట్టిన బియ్యపు అన్నంకన్నా నిదానంగా పెరుగుతుంది, ఒక్క రొట్టెతో కడుపు నిలుస్తుంది. మద్నూర్ అంగన్‌వాడీలో అలాంటి తల్లికి అన్నానికి బదులు ఒక జొన్నరొట్టె పెట్టడానికి కొత్త పథకమేం అక్కర్లేదు. వంట చేసే ఆయమ్మకు ఆ మాట చెప్పే అధికారి కావాలి.

తొలి కాన్పు తర్వాత ఈ కోడలికి చక్కెర పరీక్ష ఎవరూ చేయలేదు. కాన్పయ్యాక ఈ మధుమేహం చాలామందిలో తగ్గిపోతుంది, ఆ తర్వాత కొన్నేళ్లకు కొందరిలో శాశ్వతంగా తిరిగి వస్తుంది. అందుకే ఆరో వారంలో మళ్లీ 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష చేయాలని మార్గదర్శకాల్లోనే ఉంది. ఆరో వారంలోనే బిడ్డకు పెంటావాలెంట్ టీకా మొదటి డోసు పడుతుంది. ఆ టీకా మాత్రం ఎవరూ మరిచిపోరు. మీ ఇంట్లో ఇలాంటి బాలింత ఉంటే, టీకా రోజు ఆమెను పొద్దున్నే ఏమీ తినకుండా బిడ్డతోపాటు తీసుకెళ్లండి. తల్లికీ పరీక్ష చేయమని నోరు తెరిచి అడగండి.