నాయన కోసం భరణంగానం పోయొచ్చినాను

పోయిన జూలైలో నేను భరణంగానం పోయొచ్చినప్పటి నుంచి మా లైన్లో వాళ్ళు అడిగేది ఒకటే మాట: "మీ నాయనకి నయమయిందా?" ఒక్కొక్కరికీ నిలబడి చెప్పేకంటే, మన పత్రికలో రాస్తే అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుందని రాస్తున్నాను.

మా నాయన భూమి కింద డ్రిల్లింగ్ మిషను పట్టిన మనిషి. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడినాయి. గని పోయింది గానీ గని దుమ్ము ఆయన్ని వదల్లేదు. బంగారం ఉండేది పలుగురాయిలో. దాన్ని తొలిచేటప్పుడు లేచే దుమ్ములో కంటికి కనపడనంత సన్నటిది ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. దిగినది బయటికి రాదు. అక్కడ మచ్చలు కట్టి, ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. దీన్నే సిలికోసిస్ అంటారు. మందులతో దగ్గు, ఆయాసం కొంచెం తగ్గించొచ్చు గానీ, జబ్బును వెనక్కి తిప్పే మందు లేదు. మిల్లుల్లో ఏళ్ళ తరబడి దూది దుమ్ము పీల్చినవాళ్ళకు రొమ్ము పట్టేసే సంగతి మీలో చాలామందికి తెలిసిందే.

ఆయాసం కంటే నాయనను ఎక్కువ నలిపింది ఇంకొకటి. స్నానానికి కూడా అమ్మ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చినప్పటి నుంచి, "తిండికి చేటు, నేలకు బరువు అయిపోతిని" అని రోజూ అనేవాడు. ఎవరైనా చూడడానికి వస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు.

అట్లాంటి రోజుల్లో చాంపియన్ రీఫ్స్ విక్టరీ మాత గుడిలో కేరళ సిస్టరు ఒకామె నాకు పునీత అల్ఫోన్సమ్మ కథ చెప్పింది. ఆమె 1910 ఆగస్టు 19న కొట్టాయం దగ్గర కుడమాలూరులో పుట్టింది. జ్ఞానస్నానం పేరు అన్న. పసిగుడ్డుగా ఉన్నప్పుడే తల్లి పోయింది, పెద్దమ్మ పెంచింది. మఠంలో చేరాలని ఆ పిల్ల ఆశ, పెళ్ళి చెయ్యాలని ఇంటివాళ్ళ పట్టు. ఆ పెళ్ళి తప్పించుకోవడానికి, 13 ఏళ్ళప్పుడు పొట్టు కాలే గుంటలో కాలు పెట్టిందని చెప్తారు. అట్లా ఎవరూ చెయ్యకూడదు. కానీ నోరు లేని పిల్ల కాదని మాత్రం దాన్నిబట్టి తెలుస్తుంది.

తర్వాత భరణంగానంలో క్లారిస్టు మఠంలో చేరి, 1936లో చివరి మాటపట్టు ఇచ్చింది. కొన్నాళ్ళు వాకక్కాడ్ బడిలో పాఠాలు చెప్పింది గానీ ఒళ్ళు సహకరించలేదు. న్యుమోనియా వచ్చింది. ఒక రాత్రి గదిలోకి దొంగ వచ్చిన భయానికి జ్ఞాపకం పోయింది. చివరికి కాలేయం చెడింది. మఠంలో చాలా కాలం మంచం మీదే గడిచింది. 1946 జూలై 28న, 36 నిండకుండానే కన్ను మూసింది. మఠం కట్టలేదు, ఆసుపత్రి పెట్టలేదు. ఆమె సమాధి దగ్గర మొదట కొవ్వొత్తులు వెలిగించింది బడిపిల్లలు అని చెప్తారు. 2008 అక్టోబరు 12న రోములో ఆమెకు పునీత పట్టం ఇచ్చినారు. మన దేశపు స్త్రీలలో ఆ పట్టం మొదట అందుకున్నది ఆమే.

మంచం మీది మనిషికి ఇంత గౌరవమా అని నాకు ఆశ్చర్యం. ఆ ఊరు చూసి రావాలనిపించింది.

మారికుప్పం నుంచి బెంగళూరు పోయే మన బండిలోనే బంగారపేట దాకా పోయి, అక్కడ రాత్రికి కన్యాకుమారి ఎక్స్‌ప్రెస్ ఎక్కినాను. మరునాడు పొద్దున కొట్టాయం. అక్కడి నుంచి పాలాకు బస్సు, పాలా నుంచి ఈరాట్టుపేట పోయే దారిలో కొంచెం దూరంలో భరణంగానం. పక్కనే మీనచ్చిల్ ఏరు నిండుగా పారుతుంది. మా ఎర్రమట్టి, సైనైడ్ దిబ్బలు చూసిన కళ్ళకు అంత పచ్చదనం చూస్తే దిగులు లాంటిదేదో కలిగింది.

పండుగ రోజులు, పైన వాన. గొడుగుల కిందే వరస. నా ముందు ఒకామె వంకర పాదాల పసిబిడ్డను ఎత్తుకొని నిలబడింది. అల్ఫోన్సమ్మ ప్రార్థనతో అట్లాంటి పాదాలు బాగయినాయని ఎందరో నమ్ముతారు, అందుకే వస్తారు. ఆమె మలయాళం నాకు రాదు, నా తెలుగు ఆమెకు రాదు. బిడ్డను కొంచెంసేపు నా చేతికిచ్చి, తడిసిన చీర పిండుకుంది.

సమాధి దగ్గరికి చేరినప్పుడు, నయం చెయ్యమని అడగడానికి నాకు నోరు రాలేదు. "మా నాయన తాను పనికిరానివాణ్ణని అనుకోకుండా చూడు తల్లీ" అని మాత్రం అడిగినాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇట్లాంటి కథలు చెప్పి, "ఓర్చుకో, దేవుడిచ్చింది" అని రోగుల నోరు మూయించేవాళ్ళున్నారు. మా నాయన రొమ్ములో ఉన్న దుమ్ము దేవుడు పోసింది కాదు. అది పని పోసింది. అల్ఫోన్సమ్మ తన నొప్పిని తానే దేవుడికి అప్పజెప్పుకుంది. పక్కవాళ్ళ నొప్పికి ఓర్పు నేర్పమని ఆమె మనకు చెప్పలేదు. ఓర్చుకోవడమా లేదా అన్నది మంచం మీదున్న మనిషి ఇష్టం. మంచం పక్కనున్న మనం చెయ్యాల్సింది వేరే.

వచ్చినాక నేను చేసింది రెండు పనులు. మొదటిది కాగితాల పని. అంతకుముందు ఒక డాక్టరు టీబీ అని రాసినాడు, ఇంకొకరు ఆస్తమా అన్నారు. ఏ ఏడు నుంచి ఏ ఏటి దాకా, ఏ పని, రోజుకు ఎన్ని గంటలు దుమ్ములో ఉన్నాడో అంతా నాయన నోటితోనే చెప్పించి రాసుకొని, ఎక్స్‌రేతో బాటు బెంగళూరులో ఛాతీ డాక్టరు ముందు పెట్టినాను. ఆయన సిలికోసిస్ అని రాసిచ్చినాడు. ఎక్స్‌రేలో ఇది టీబీలాగా కనపడవచ్చు, చేసిన పని చెప్పకపోతే డాక్టరుకు తెలిసే దారి లేదు. రాతి దుమ్ము జబ్బునూ దూది దుమ్ము జబ్బునూ చట్టం పని వల్ల వచ్చే జబ్బులుగానే లెక్కగడుతుంది. మీ ఇంట్లో దగ్గుతున్న పెద్దవాళ్ళు ఉంటే ముందు వాళ్ళ పని చరిత్ర రాసిపెట్టండి.

రెండోది, నాయన మంచాన్ని లోపలి గదిలోంచి వీధి కిటికీ దగ్గరికి మార్చినాను. మొదటి వారం కోపపడినాడు. ఇప్పుడు సాయంత్రమైతే లైన్లో పిల్లలు కిటికీ ఊచలు పట్టుకొని నిలబడతారు. కేజీలో దిగితే చెవులు ఎట్లా దిబ్బడ వేసేవో, లోపల ఎంత వేడో చెప్తాడు. నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు. పిల్లలు కాచుకొని ఉంటారు.

నయం కాలేదు. ఆయాసం అట్లనే ఉంది. కానీ "నేలకు బరువు" అన్న మాట విని చాలా రోజులయింది. మొన్న ఒక పిల్లవాడు రాకపోతే, "వాడికేమయింది, పోయి చూసి రా" అని నన్నే పంపించినాడు.