మాకు మిగిలిన 30 ఆదివారాలు



మీ ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే పిల్లలుంటే ఒక పని చేయండి. గోడకున్న క్యాలెండర్ తీసి, ఈ రోజు నుంచి పదో తరగతి పరీక్షలు ముగిసే దాకా ఎన్ని ఆదివారాలు ఉన్నాయో లెక్కపెట్టండి. కిందటి ఏడాది ఆగస్టులో మా అమ్మాయి తొమ్మిదిలో ఉన్నప్పుడు మేం లెక్కపెట్టాం. 80 పైచిలుకు వచ్చాయి. అందులోంచి పరీక్షలు, రివిజన్ క్లాసులు, పెళ్లిళ్లు, జ్వరాలు, నా ఆఫీసు పనులు తీసేస్తే చేతిలో మిగిలినవి 30. ఆ తర్వాత ఇంటర్. మన కర్నూలు, నంద్యాల, కడప వైపు చాలా ఇళ్లలో ఇంటర్ అంటే హాస్టల్ అనే అర్థం.

ఆ 30 ఆదివారాలను ఏం చేయాలా అని ఆలోచిస్తుంటే, మాకు తోడుగా రెండు వస్తువులు కుదిరాయి. ఒకటి నా పాత మోటార్ సైకిల్. రెండోది డెన్వర్‌లో ఉండే మా బావమరిది, అంటే మా అమ్మాయికి మేనమామ, సెలవులకు వచ్చినప్పుడు తెచ్చిన గాలం కర్ర. అక్కడ కొందరు కర్రను బండికి కట్టుకుని కొండవాగుల వెంట తిరుగుతూ, వాగు కనబడిన చోట ఆగి చేపలు పడతారట. కర్ర 9 అడుగులు. కానీ నాలుగు ముక్కలుగా విడదీస్తే రెండున్నర అడుగుల గొట్టంలో ఇమిడిపోతుంది. బండి సీటు పక్కన కట్టేస్తే అడ్డమే అనిపించదు.

దీన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. మన పిల్లలకు ఫిజిక్సు పాఠంలా చెప్పొచ్చు. మామూలు గాలానికి సీసం గుండు కడతాం. ఆ గుండు బరువే దారాన్ని ముందుకు లాక్కుపోతుంది. ఇందులో గుండు లేదు, వానపాము లేదు. ఈకలు, నూలు పోగులు కొక్కేనికి చుట్టి పురుగులా తయారుచేసిన చిన్న బొమ్మ మాత్రం ఉంటుంది. దానికి బరువే ఉండదు. అందుకని దారాన్నే లావుగా, బరువుగా చేస్తారు. కర్రను వెనక్కి ఊపితే దారం వెనక్కి వెళ్లి గాల్లో సాగుతుంది. అది పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు ఊపాలి. తొందరపడితే కొరడాలా చెళ్లుమని, చివరనున్న పురుగు తెగిపోతుంది. కొక్కెం తీసేసి, ఉన్ని ముక్క కట్టి మా మిద్దె మీద నెల రోజులు సాధన చేశాం. మా అమ్మాయికి రెండో వారానికే వచ్చింది. నాకు ఇప్పటికీ ఆషాఢ మాసపు గాలి ఎదురైతే రాదు.

ట్రౌట్ అనే చల్లనీళ్ల చేప కోసం నీలగిరుల్లో, హిమాచల్‌లో, కాశ్మీర్‌లో ఈ పద్ధతి వాడతారు. మన ఎండకు ఆ చేప బతకదు. అయితే మన చెరువులు గాలానికి కొత్తేమీ కాదు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనే పుస్తకం రాశాడు. 1887లో ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అని చెరువుల్లో గాలం వేయడం మీదే ఇంకొకటి రాశాడు. కాబట్టి మేం చేస్తున్నది మరీ వింత పనేమీ కాదని మా ఆవిడకు నచ్చజెప్పగలిగాను.

ఎక్కడికి వెళ్లాలన్నది మా అమ్మాయే తేల్చింది. మన కె.సి. కాలువ ఉంది కదా, దాని వెంట తల నుంచి తోక దాకా పోదామంది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై, 300 కిలోమీటర్ల పైచిలుకు పారి కడప చేరే కాలువ అది. ఒక్క రోజులో అయ్యేది కాదు గనుక, ముక్కలు ముక్కలుగా ఒక్కో ఆదివారం ఒక్కో చోటికి అనుకున్నాం. పొద్దున్నే ఏదో ఒక ఊళ్లో ఉగ్గాని బజ్జీ తిని, ఎండ ముదిరేలోపు నీళ్ల దగ్గర ఉండాలి. మధ్యాహ్నానికి ఇంటికి మళ్లాలి. సాయంత్రం పుస్తకాలు తీయాలి. ఇదీ మా ఒప్పందం.

సోషల్ పుస్తకంలో ఒక్క లైనులో పోయే సంగతులు అక్కడ నిలబడితే వేరుగా ఉంటాయి. ఈ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ తవ్వించింది. సాగుకే కాదు, పడవలు నడపడానికి కూడా. కంపెనీ నష్టపోయింది. 1882లో ప్రభుత్వం కొనేసింది. కాలువ వచ్చిన కొన్నేళ్లకే 1876-78 మహా కరువు మన సీమను ఊడ్చేసింది. ఇంకోవైపు, 2009 అక్టోబరులో ఇదే తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగిన సంగతి మీలో చాలామందికి కళ్ల ముందే ఉంటుంది. సుంకేసుల దగ్గర నిలబడి మా అమ్మాయి అడిగింది: “నీళ్లు లేవని ఏడ్చే ఊరు నీళ్లలో ఎట్ల మునిగింది నాన్నా?” ఆ ప్రశ్న మీదనే ఇంటిదాకా వచ్చాం.

కాలువ అంతా తవ్విన కాలువ కాదని కూడా అప్పుడే తెలిసింది. కొంత దూరం నిప్పులవాగులో, మరికొంత దూరం కుందూ నదిలో పారుతుంది. రాజోలి ఆనకట్ట దగ్గర మళ్లీ కాలువగా మళ్లుతుంది. పెన్నా మీద ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట చివరి మజిలీ. నీరు పల్లమెరుగు అంటారు కదా, దాన్ని మ్యాపులో కాక బండి మీద చూశాం.

ఇక అసలు సంగతి. మీ పిల్లలు ఇంట్లో మీతో ఎంతసేపు మాట్లాడతారు? మా ఇంట్లో భోజనం దగ్గర ప్రశ్న వేస్తే “బానే ఉంది”, “ఏం లేదు” అనే రెండు జవాబులే వచ్చేవి. బండి మీద అలా కాదు. పిల్ల వెనక కూర్చుంటుంది. నా ముఖం తనకు కనబడదు, తన ముఖం నాకు కనబడదు. నీళ్ల దగ్గర కూడా అంతే. ఇద్దరి చూపూ నీళ్ల మీదే. నిలదీసే చూపు లేనప్పుడు పిల్లల మాట దానంతటదే బయటికి వస్తుంది.

చాగలమర్రి దాటాక హైవే మీద లారీల మధ్య పోతున్నాం. వెనక నుంచి, “నాన్నా, హాస్టల్‌కి పోకుంటే ర్యాంకు రాదా?” అంది. లారీ దాటిస్తున్నాను గనుక జవాబు చెప్పలేదు. తనూ రెట్టించలేదు. రాజోలి దగ్గర కర్ర బిగించి, దారం ఎక్కించి, అరగంట గడిచాక మళ్లీ మొదలుపెట్టింది. హాస్టల్లో చేరిన సీనియర్ అక్క ఒకరు ఫోనులో ఏడ్చిందట. తనకు చదువంటే భయం లేదట, రాత్రి లైట్లు తీసేశాక ఎవరితోనూ మాట్లాడే వీలుండదంటేనే భయమట. ఈ మాట నాలుగు నెలలుగా లోపల పెట్టుకుందని అప్పుడే తెలిసింది. నేను “నువ్వేమనుకుంటున్నావు?” అని మాత్రం అడిగాను. “ఇంకా ఆలోచిస్తున్నా” అంది. ఆ రోజు పడింది రెండే రెండు పరిగెలు. ఇంటికి వచ్చాక మా ఆవిడ ఎప్పుడూ అడిగే “ఎన్ని చేపలు?” అడగలేదు. “ఏం మాట్లాడింది?” అని అడిగింది.

ఇప్పుడు పదో తరగతి. 30లో 17 ఆదివారాలు అయిపోయాయి. హాస్టలా, ఇంటి నుంచి వెళ్లే కాలేజీయా అన్నది ఇంకా తేలలేదు. డిసెంబరులో ముగ్గురం కూర్చుని తేల్చుకుందామనుకున్నాం. ఈలోపు రెండు వైపులా మంచిచెడ్డలు ఒక నోట్‌బుక్కులో తనే రాసుకుంటోంది. ఏది ఎంచుకున్నా అది తనతో మాట్లాడి తీసుకున్న నిర్ణయం అవుతుంది. మాకు అదే కావాలి.

వెలుగోడు జలాశయం దగ్గర ఒక పెద్దాయన మాకు గురువయ్యాడు. పొద్దున వల తీసి కట్ట మీద కూర్చుంటాడు. మా పురుగు బొమ్మను చూసి నవ్వాడు గానీ, మా అమ్మాయికి ఒక మాట చెప్పాడు: “పాపా, నీ నీడ నీళ్ల మీద పడనియ్యగాకు. నువ్వు చేపను చూసేలోగానే అది నిన్ను చూస్తాది.” బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుందని, అది పైనీళ్లలో మేస్తుందని, రోహు నడిమి నీళ్లలో, మోసు అడుగున మేస్తాయని కూడా ఆయనే చూపించాడు. ఒకే చెరువులో మూడు చేపలు, మూడు అంతస్తులు, ఒకదానికొకటి పోటీ లేదు. మన పిల్లలనందరినీ ఒకే ర్యాంకు పట్టికలో చూసే మనకు అది గుర్తుపెట్టుకోదగిన సంగతే.

ఇంకోసారి ఒడ్డున నాచు పక్కన ఎర్రటి చుక్కలు గుంపుగా కదులుతుంటే మా అమ్మాయి దారం విసరబోయింది. ఆయన చేయి అడ్డం పెట్టాడు. అవి కొరమీను పిల్లలు. కొరమీను జంట పిల్లలను వదిలిపోదు, కింద కాపలా కాస్తుంది. అలాంటప్పుడు దాన్ని పట్టడం సులువే. దేన్ని చూసినా మీదికి వస్తుంది. కానీ తల్లీతండ్రీ పోతే ఆ గుంపంతా ఇతర చేపల పాలవుతుంది. పిల్లలు కాస్త ఎదిగాక గుంపు విడిపోతుంది, ఎవరి దారి వారిది. మా అమ్మాయి దారం చుట్టేసింది. నేనేమీ వ్యాఖ్యానించలేదు.

మీలో ఎవరైనా ఇలా వెళ్లాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు.

నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్ తప్పనిసరి అని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. పిల్లల సైజు హెల్మెట్ కొనండి, మీది పెట్టకండి. బండి మీద ఇద్దరే. ఖాళీ రోడ్డు కదా అని పిల్లల చేతికి బండి ఇవ్వకండి. మైనరు బండి నడిపితే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు శిక్ష పడే అవకాశం ఉంది.

పారే ప్రధాన కాలువలో గాలం వేయవద్దు. సిమెంటు లైనింగు మీద పాచి పట్టి ఉంటుంది. జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. మేం నిలిచిన నీళ్లలో, కట్ట వాలు తక్కువున్న చోటే ఆగుతాం. ఈత వచ్చినా సరే, మా అమ్మాయి లైఫ్ జాకెట్ వేసుకోకుండా ఒడ్డుకు దిగదు. కార్బన్ కర్రలో కరెంటు పారుతుంది. తీగల కింద కర్ర ఎత్తకండి, ఉరుము వినబడితే ఆపేయండి.

చెరువులు, జలాశయాల్లో చేపల మీద మత్స్యకారుల సంఘాలకు హక్కు ఉంటుంది. అది వాళ్ల బతుకు. ముందుగా అడగండి. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. కొక్కేనికున్న వెనక ముల్లును కటింగ్ ప్లయర్‌తో నొక్కేస్తే చేపకు, మన వేలికి కూడా గాయం తక్కువ. వదిలేయదలచిన చేపను తడి చేత్తో పట్టుకోండి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడి, దానికి జబ్బు చేస్తుంది.

గాలమే కావాలని లేదు. మీకు సైకిలు ఉంటే సైకిలు, నడకంటే నడక. ఇద్దరూ ఒకే వైపు చూస్తూ గడిపే రెండు గంటలుంటే చాలు. మా ఇంట్లో ఇప్పుడు పేపరు రాగానే ముందు ఎవరు తీస్తారో తెలుసా? సుంకేసులలో నీళ్లు ఎంత ఉన్నాయి, కాలువకు ఎప్పుడు వదులుతారు అని మా అమ్మాయే వెతుకుతుంది. మొన్న వదిలారని చదివి వినిపించి, “మూడు రోజులు బురద నీళ్లే నాన్నా, ఈ వారం వద్దు, వచ్చే ఆదివారం పోదాం” అంది.