వట్టిపోయిన గేదెకు దాణా ఎందుకు?

మా ఊరి ఇంట ఒక ముర్రా గేదె ఉండేది. 1996 జ్యేష్ఠమాసంలో నేను సెలవుపై వెళ్లేసరికి అది నిండు చూడితో ఉండి, వట్టిపోయి రెండు వారాలైంది. అయినా అమ్మ రెండు పూటలా దానికి తవుడు, తెలగపిండి కలిపి పెడుతూనే ఉన్నది. నెలనెలా డబ్బు పంపేవాడిని గనుక లెక్క అడిగే అధికారం నాకున్నదనుకున్నాను.

"పాలివ్వని గేదెకు దాణా ఎందుకమ్మా? ఈనేదాకా ఎండుగడ్డి చాలదా?"

"ఇప్పుడు తింటున్నది అదొక్కటే కాదు నాయనా" అన్నది అమ్మ. అయినా నా మాట కాదనలేదు. యంత్రాన్ని ఆపిన రోజుల్లోనే దాని బాగోగులు ఎక్కువగా చూడాలని ఎరిగిన మెయింటెనెన్స్ విభాగపు ఉద్యోగిని నేను!

శ్రావణమాసపు ముసురులో గేదె ఈనింది. దూడ మరీ చిన్నది. లేచి నిలబడలేక, వణికి వణికి, రెండవనాడు పోయిందని ఉత్తరం వచ్చింది. అందులో నన్ను నిందించే మాట ఒక్కటీ లేదు.

పశువైద్యుడైన మా బావమరిది తరువాత నాకు విషయం వివరించాడు. గేదె చూడికాలం సుమారు పది నెలల పది రోజులు. దూడ బరువులో సగానికి పైగా చివరి మూడు నెలల్లోనే పెరుగుతుంది. కడుపులోని పిల్లకు ముఖ్యమైన ఇంధనం గ్లూకోజు. నెమరువేసే జంతువులకు అది మేతనుండి నేరుగా లభించేది బహు స్వల్పం. మేత పొట్టలో పులిసి ఆమ్లాలుగా మారుతుంది. వాటిలో ముఖ్యంగా ప్రొపియోనిక్ ఆమ్లంనుండి తల్లి కాలేయం గ్లూకోజును తయారుచేయాలి. ఒట్టి ఎండుగడ్డితో ఆ ఆమ్లం తక్కువగా వస్తుంది. కొరత ఏర్పడితే తల్లి తన కొవ్వును, కండను కరిగించుకుంటుంది. అదీ చాలనప్పుడు పిండం తన ఎదుగుదలను తగ్గించుకుని, కండ కావలసిన మాంసకృత్తులనే ఇంధనంగా వాడుకుంటుంది. పుట్టగానే ఒంటికి వేడినిచ్చే కొవ్వు, కాలేయంలోని గ్లైకోజెన్ నిల్వ కొరవడతాయి. మా దూడ విషయంలో ఇదే జరిగిందని చూడకుండా చెప్పలేనన్నాడు. నాకు మాత్రం సందేహం కలుగలేదు.

బతికి బట్టకట్టిన పిల్లలనూ ఆ ఆకలి వదలదట. గర్భంలో పోషణ కరవైన గొర్రెపిల్లలు పెద్దవైన తరువాత కూడా చక్కెరను వినియోగించుకోవడంలోను, కొవ్వు పట్టడంలోను తేడాలు కనబరచినట్లు పరిశోధనలున్నాయి.

ఆ గేదె మళ్లీ చూడి కట్టినప్పుడు తెలగపిండి బస్తా నేనే కొని తీసుకువెళ్లాను. అమ్మ బస్తాను, నన్ను మార్చి మార్చి చూసింది.

"అంతా దానికే పెట్టేస్తావేమో! మరీ బలిస్తే ఈనేటప్పుడు కష్టపడుతుంది" అన్నది.