ముట్టడిలో సాక్షి

గీతాచార్యుడు దేహాన్ని నవద్వారపురంగా నిర్దేశించాడు. అందులో వసించే దేహి ఏమీ చేయక, చేయించక సుఖంగా ఉంటాడని అయిదవ అధ్యాయ బోధ. అయితే పురాన్ని మృత్యువు ముట్టడించినప్పుడు ఆ సాక్షిభావం నిలుస్తుందా?

అనకాపల్లిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలిని ఈ సంశయం చిరకాలం బాధించింది. భర్త మంచాన పడిన నాటి నుండి ఆమె ప్రతిరాత్రి నోటుపుస్తకంలో నాలుగు పంక్తులు వ్రాసేది: ఎన్ని చెంచాల జావ తాగారు, ఎప్పుడు కన్ను తెరిచారు. ఆయన గతించిన పిమ్మట, ఇదంతా అహంకార విలసితమేనని తలచి, కొత్త అమావాస్యకు నూకాంబిక దర్శనానంతరం ఆ పుస్తకాన్ని శారదా నదిలో విడవాలని సంకల్పించింది.

అంతలో లెనిన్‌గ్రాడ్ స్త్రీల దినచర్యలను గూర్చి చదివింది. 1941 సెప్టెంబరు 8 నుండి 872 దినాలు ఆ నగరం దిగ్బంధంలో ఉంది. తొలి శీతకాలంలో ఒక దశలో పిల్లలకు దినానికి లభించినది 125 గ్రాముల రొట్టె. తాన్యా సావిచెవా అనే బాలిక అక్క పుస్తకంలో తొమ్మిది పుటలు వ్రాసింది. ఒక అక్క, అమ్మమ్మ, అన్న, తండ్రి సోదరులిద్దరు, చివరకు 1942 మే 13న తల్లి: ఒక్కొక్కరి మరణానికి పేరు, తేదీ, గంట. విలాపం లేదు. లిడియా గింజ్‌బుర్గ్ అనే విదుషి ముట్టడి నాటి ఆకలిని 'నేను' అనక, 'ఎన్' అనే పురుషుని అనుభవంగా ప్రథమపురుషలో చిత్రించింది.

అప్పుడామెకు బాల్యంలో విన్న బొబ్బిలి బుర్రకథ స్ఫురించింది. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగుల నడుమ కోట కూలింది. అంతఃపుర స్త్రీలు శత్రువుకు చిక్కకుండా తమవారి చేతనే ప్రాణాలు విడిచారు. వారి శౌర్యాన్ని లోకం గానం చేసింది. ఆ ఉదయం ఏ తల్లి తన బిడ్డతో ఏమి పలికిందో చెప్పే స్వహస్తలిఖితం మాత్రం మన చేతికి రాలేదు.

సాక్షి అంటే చూపు మరల్చుకొనేవాడు కాడు. ఆమె తన పుస్తకాన్ని మరల తెరిచింది. అందులో 'నేను' అన్న మాట అరుదు. అంతటా 'ఆయన' అనియే ఉంది.

అమావాస్యనాడు అమ్మవారిని దర్శించి, నదికి పోక ఇంటికి వచ్చింది. అంతవరకు వ్రాయలేకపోయిన చివరి పంక్తిని, భర్త నిర్యాణ తిథిని, గంటను వ్రాసి, పుస్తకాన్ని గీత ప్రక్కన ఉంచింది.

ఇతి శమ్.