పెనుకొండ కింద పొగమంచు

డిసెంబరు వచ్చిందంటే మంచు చూడడానికి తెలుగువాళ్లు లంబసింగికో అరకుకో బయల్దేరతారు. అనంతపురం వైపు ఎవరూ రారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే చోట మంచేమిటని అనుకుంటారు కాబోలు. తెల్లవారుజామున పెనుకొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీ నడిపేవాళ్లకు ఆ అనుమానం ఉండదు.

ఈ పీఠభూమి తాడిపత్రి వైపు పల్లం, దక్షిణానికి పోయేకొద్దీ ఎత్తు. అనంతపురం 335 మీటర్ల ఎత్తున ఉంటే హిందూపురం 620 దాటుతుంది, మడకశిర ఇంకా పైన. 2022లో శ్రీసత్యసాయి జిల్లాగా విడిపోయిన ఈ భాగంలో గాలి ఆడని, మబ్బు లేని రాత్రి నేల వేడి త్వరగా దిగిపోతుంది. చల్లబడ్డ గాలి గుట్టల మీంచి జారి చెరువుల మీద, తడి చేల మీద పేరుకుంటుంది. మంచు కట్టాలంటే అక్కడ తేమ ఉండాలి. ఈశాన్య రుతుపవనాలు కరుణించి బుక్కపట్నం, ధర్మవరం చెరువుల్లో నీళ్లు నిలిచిన ఏడాది అది దండిగా దొరుకుతుంది. కరవు ఏడాది చలి మాత్రమే మిగులుతుంది.

1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు మార్చుకున్నారు. శత్రువును దూరం నుంచే పసిగట్టడానికి పనికొచ్చే కొండ. చలికాలం పొద్దుల్లో బురుజు మీది కాపలావాడికి ఏం కనిపించేదో ఊహించుకోవాల్సిందే.

మంచు మంచిదా చెడ్డదా అంటే, ఏ చేను అని అడగాలి. ఉరవకొండ, విడపనకల్లు నల్లరేగడిలో పప్పుశనగకు అది మేలే. వానలు వెనకబట్టాక వేసే ఈ పైరు నేలలో మిగిలిన తేమతో, రాత్రి మంచుతో నెట్టుకొస్తుంది. దాని ఆకుల నూగులో ఊరే మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు మంచులో కలుస్తాయి. రాత్రి మొక్కల మీద పలచటి గుడ్డ పరిచి, పొద్దున్నే పిండితే వచ్చేదే శనగ పులుసు. అజీర్తికి దాన్ని మందుగా వాడడం పాత అలవాటు.

కంది రైతు, మామిడి రైతు ఈ మాట వింటే ఒప్పుకోరు. మబ్బూ మంచూ కలిసిన రోజుల్లో కంది పూతను మారుకా మచ్చల పురుగు గూళ్లు కట్టి తినేస్తుంది. మామిడి పూతకు బూడిద తెగులు, తేనెమంచు పురుగు.

అందరికన్నా ఎక్కువ హైరానా హిందూపురం, మడకశిర పట్టు రైతులది. తడిసిన మల్బరీ ఆకు మేపితే పురుగుకు జబ్బు చేస్తుంది, ఆకు ఆరేదాకా ఆగుదామంటే పురుగు ఆకలికి ఆగదు. చలికి తేమ తోడైతే సున్నకట్టు రోగం వస్తుంది. పురుగు సున్నం పూసినట్టు తెల్లబడి బిగుసుకుపోతుంది. అందుకని షెడ్డులో వెచ్చదనం తగ్గకుండా చూస్తారు, పడకల మీద సున్నప్పొడి చల్లుతారు. అలాగని తలుపులన్నీ బిగిస్తే ఇంకో చిక్కు. చంద్రికలనే తడికల మీద పురుగు గూడు కట్టే రోజుల్లో గాలి ఆడకపోతే దారం తెగకుండా రాదు. అలాంటి గూళ్లకు హిందూపురం మార్కెట్లో మంచి ధర పలకదు.