బిల్లు రాని ఇంట్లో బల్బు లెక్క



మేం ముగ్గురం. ముంచింగిపుట్టు మండలంలో ఒకే ఊరు. పాడేరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే సెలవులకి వెళ్తే ఊళ్లో ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది. ఈసారి బల్బుల గురించి చెప్పబోయి నోరు మూసుకోవాల్సొచ్చింది. ఆ సంగతే రాస్తున్నాం.

మా ఊరు నలభై గడప. చాలా ఇళ్లలో ఇంకా 60 వాట్ల పాత గుండు బల్బులే. "ఎల్‌ఈడీ వేసుకోండి, బిల్లు తగ్గుద్ది" అన్నాం. మావ నవ్వేశాడు.

"మనకి బిల్లెక్కడొస్తంది అల్లుడూ? 200 యూనిట్ల దాకా గవర్నమెంటే కట్టుకుంటది. ఇరవై రూపాయల బల్బు ఉండగా వందెట్టి కొనడమేటి?"

మా దగ్గర జవాబు లేదు. ఆదా అంటే డబ్బే అనుకున్నాం మరి.

ఆ రాత్రి కూర్చుని లెక్కేశాం. గుండు బల్బు తీసుకున్న కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది, వెలుగయ్యేది కొంచెమే. అదే వెలుగు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. ఇంటికి మూడు బల్బులు, రోజూ ఐదు గంటలు అనుకుంటే పాతవాటికి నెలకి 27 యూనిట్లు, ఎల్‌ఈడీలకి 4. ఊరంతా ఒకేసారి వేస్తే పాతవి 7,200 వాట్లు లాగుతాయి, ఎల్‌ఈడీలైతే 1,080. మాది లైను చివరి ఊరు, చిన్న ట్రాన్స్‌ఫార్మర్. సాయంత్రం ఏడింటికి బల్బు ఎర్రగా మిణుకుమంటుంది, పిల్లలకి పుస్తకంలో అక్షరం కనపడదు. ఆ లోడులో మా బల్బుల వాటా కూడా ఉందన్నమాట.

పొద్దున్న ఇది చెప్తుంటే తాత అందుకున్నాడు. మచ్ఖండ్ కరెంటు 1955లో మొదలైంది. జలాపుట్ నీళ్ల కింద మనవాళ్ల ఊళ్లు, పొలాలు మునిగాయి. "వైర్లు మా నెత్తి మీంచి పోయాయిరా. మా ఇంట్లో మాత్రం కిరసనాయిలు బుడ్డే" అన్నాడు. ఇక ఉచిత కరెంటు అని మాకెవరైనా అంటే ఆ మాటే గుర్తొస్తుంది.

ఇప్పుడు దేశంలో ఎక్కువ కరెంటు బొగ్గుదే. విశాఖ దగ్గర సింహాద్రి ప్లాంటుకి బొగ్గు ఒడిశా తాల్చేరు నుంచి వస్తుంది. గని తవ్వినచోట అడవీ పోతుంది, దాన్ని నమ్ముకున్న ఊరూ పోతుంది. దేశం మొత్తం మీద ఒక యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. మా నలభై ఇళ్లు మారితే నెలకి 920 యూనిట్లు, అంటే 640 కిలోల దాకా తగ్గుతుంది.

పట్నంలో హోర్డింగులు రాత్రంతా వెలుగుతుంటే మన మూడు బల్బులే దొరికాయా అని మీరడగొచ్చు. మేమూ అనుకున్నాం. వాళ్లనీ అడగాల్సిందే. కానీ ఏడింటికి చీకట్లో కూర్చునేది మన చెల్లెళ్లు, తమ్ముళ్లు.

ఒక తప్పు కూడా చెప్పాలి. మొదట సంతలో పేరులేని ఎల్‌ఈడీలు చవగ్గా కొన్నాం. పదిహేను రోజుల్లో రెండు పోయాయి, మా పరువూ పోయింది. మీరు కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు, స్టార్ లేబుల్ చూడండి. వాట్లతో పాటు ల్యూమెన్లు చూడండి, వెలుగు కొలత అదే. గ్యారంటీ అడగండి. మంచి ఎల్‌ఈడీ వోల్టేజీ కొంచెం పడిపోయినా వెలుగు తగ్గదు. పాత ట్యూబులైట్లు, సీఎఫ్‌ఎల్‌లలో పాదరసం ఉంటుంది. వాటిని పగలగొట్టొద్దు, గెడ్డలో పారేయొద్దు. ఆ గెడ్డ చేపలే మనం తింటాం.

రెండోసారి ముగ్గురం డబ్బులేసుకుని మంచివి తెచ్చి, మావ ఇంట్లోనే ముందు పెట్టాం. మరదలు దాని కిందే కూర్చుని పదో తరగతి లెక్కలు చేసుకుంటోంది. మొన్న మావ ఫోన్ చేశాడు: "వచ్చేటప్పుడు పశువుల సాలకి ఇంకోటి తెండి. డబ్బులు నేనిస్తాను."

ఇప్పటికి ఆరు ఇళ్లయ్యాయి. ఇంకా ముప్పై నాలుగున్నాయి. మీ ఊళ్లో కూడా ఈ సెలవుల్లో ఇంటింటికీ బల్బులు లెక్కపెట్టండి. ముందు లెక్క చెప్పండి, తర్వాతే మాట చెప్పండి.